చేతులు ఏం చేస్తున్నాయి?

శుక్రవారం సాయంత్రం దాకా లేని తీరిక, సోమవారం పొద్దున కంప్యూటర్ తెరిచేసరికి, ఆ నగరంలోని ఆడవాళ్లందరికీ రోజుకు రెండు గంటల చొప్పున ఎక్కడినుంచో వచ్చి పడింది.

ఆమె కళ్లజోడు తీసి, కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. తెరమీద అంకె మారలేదు. శుక్రవారం తను సీట్లోంచి లేచేటప్పుడు స్త్రీల సగటు తీరిక రోజుకు గంటన్నర. ఇప్పుడు మూడున్నర గంటలు. మగవాళ్ల అంకె మాత్రం ఎక్కడుందో అక్కడే, చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది. రెండు రోజుల సెలవులో నగరంలో ఏ దేవుడూ దిగివచ్చి ఆడవాళ్ల గిన్నెలు తోమలేదు. ఎవరో ఫైలులో చెయ్యి పెట్టారు.

ఆ పరిశోధన సంస్థలో అందరూ ఆమెను 'సర్వే మేడమ్' అంటారు. ఏడాదిపాటు పన్నెండు వందల ఇళ్ల తలుపులు తట్టించి, మగవాళ్లూ ఆడవాళ్లూ రోజులో ఏ వేళ ఏం చేస్తున్నారో అరగంట అరగంటకీ గడులు గీసి రాయించిన సర్వే అది. అది అడిగింది నగర కార్యాలయం. పేటపేటకీ ఒకటి చొప్పున, పనులకు వెళ్లే తల్లులు పసివాళ్లను వదిలివెళ్లే ఉచిత పిల్లల గదులు నడుపుతున్నారు వాళ్లు. ఖర్చు ఎక్కువైపోతోందని మూసేయాలనుకున్నారు. ఊరికే మూస్తే గోల అవుతుందని, 'ఆడవాళ్లకి నిజంగా తీరిక లేదా, చూసి చెప్పండి' అని సంస్థకు అప్పగించారు. తీరిక రెండు గంటలు దాటితే గదులు మూత. దాటకపోతే ఉంటాయి. బుధవారం వాళ్ల అధికారి వచ్చి రిపోర్టు తీసుకెళ్తాడు.

గంటన్నర అయితే ఉంటాయి. మూడున్నర అయితే పోతాయి. ఇక మధ్యలో మాటల్లేవు.

"మేడమ్, నన్నంటారా?" అంది వెనకనుంచి టకటక.

టకటక అంటే కాగితాల మీది జవాబుల్ని కంప్యూటర్లోకి ఎక్కించే అమ్మాయి. ఆమె వేళ్లు కీబోర్డు మీద పడితే గది బయటికి కూడా వినిపిస్తుంది, అందుకే ఆ పేరు. వెనక వీధిలోని పిల్లల గదిలో కొడుకును వదిలేసి వచ్చి పనిచేస్తుంది. మధ్యాహ్నం అన్నం సగంలో వదిలేసి వాణ్ణి చూసి వస్తుంది.

"నిన్నెందుకంటారు?"

"శుక్రవారం ఆఖర్న ఫైలు మూసింది నేనే కదండీ. ఇక్కడ ఏది పాడైనా చివర ముట్టుకున్నవాళ్లదే తప్పు. ప్రింటర్ కూడా నేనే పాడుచేశానన్నారు పోయినసారి. అందులో ఎలక దూరింది మేడమ్!"

నవ్వాల్సిన మాటే. ఇద్దరికీ నవ్వు రాలేదు.

అరగంటలో ఆ అమ్మాయి భయమే నిజమైంది. డైరెక్టర్ గదిలో ముగ్గురు: డైరెక్టర్, సర్వే మేడమ్, గణాంక విభాగం హెడ్. ఆ హెడ్ ఆమె భర్త. ఆఫీసులో ఆయన 'సార్', ఆమె 'మీ ఆవిడ'.

"క్లుప్తంగా చెప్పండి," అన్నాడు డైరెక్టర్. ఇల్లు కాలిపోతోందన్నా క్లుప్తంగానే చెప్పమనే మనిషి.

ఆమె చెప్పింది. డైరెక్టర్ ఆమె వంక కాకుండా ఆమె భర్త వంక చూశాడు. "ఏమంటారు సార్?"

"మొదటి అంకే నాకు అనుమానంగా ఉండేది," అన్నాడు భర్త, పెన్ను మూత తీసి పెడుతూ. "రోజంతా కలిపి గంటన్నర తీరికేమిటి? మనుషులా, యంత్రాలా? ఆ అమ్మాయి మొదట్లో తప్పులు కొట్టి, తర్వాత భయపడి దిద్దుకుని ఉంటుంది. ఇప్పుడున్నది సబబుగా ఉంది."

"అయితే ఇంకేం. మారినా మంచికే మారింది. ఆ అమ్మాయి సంగతి రిపోర్టు అయ్యాక తేలుద్దాం. కొత్త మనిషిని చూసుకోవచ్చు."

"బుధవారం దాకా ఆగండి," అంది ఆమె. "ఎలా మారిందో నేను తేలుస్తాను."

"నువ్వెందుకు శ్రమపడటం?" అన్నాడు భర్త. ఎంత ప్రేమగా అన్నాడంటే, డైరెక్టర్ మురిసిపోయాడు.

ఆమెకు మాత్రం ఒళ్లు మండింది. ఈ మాట ఆమెకు కొత్త కాదు. ఇద్దరూ ఒకే తరగతిలో గణాంకశాస్త్రం చదువుకున్నారు. అప్పట్లో సగటుకీ నిజానికీ ఉన్న దూరం ఎంతో అతనికి అర్థమయ్యేలా క్యాంటీన్ బల్ల మీద సుద్దముక్కతో గీసి చెప్పింది ఆమే. అప్పుడు 'నువ్వు' అనుకునేవాళ్లు. పెళ్లయిన వారానికి అత్తగారు ఒక్క చూపు చూస్తే ఆ 'నువ్వు' 'మీరు' అయిపోయింది, ఆమె వైపునుంచి మాత్రమే. పాప పుట్టినప్పుడు, "నువ్వెందుకు శ్రమపడటం, కొన్నాళ్లు ఇంట్లో ఉండు," అన్నాడు. ఆ కొన్నాళ్లలో అతను హెడ్ అయ్యాడు. తిరిగి వచ్చేసరికి ఆమెకు దొరికింది సర్వేలు తిప్పే ఉద్యోగం. అతని వ్యాసాల్లోని పట్టికలన్నీ ఇంట్లో అంట్లు సర్దాక ఆమె సరిచూసినవే. వ్యాసం చివర 'నా భార్య ఓర్పుకు కృతజ్ఞతలు' అని ఉండేది. పనికి కాదట, ఓర్పుకట. ఒకసారి అడిగితే, "ఊరికే చూసిపెట్టావుగా, దానికి పేరెందుకు?" అన్నాడు. ఊరికే. ఆ మాటను పాతికసార్లు మింగింది. మింగడం కూడా ఊరికే అయ్యే పనుల్లో చేరిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆమె, టకటక కాగితాల గదిలోకి దూరారు. జనం నోట చెప్పిన జవాబులు యథాతథంగా ఉన్నవి ఆ కట్టల్లోనే. అన్నిటినీ చూసే వ్యవధి లేదు. తనకు నచ్చినవి ఏరుకుంటే రేపు 'కావాలని ఏరారు' అంటారు. అందుకని ఇంటి నంబర్లన్నీ చీటీలు రాసి, ఖాళీ డబ్బాలో కలిపి, కళ్లు మూసుకుని తీయమంది టకటకను.

"లాటరీ లాగా ఉంది మేడమ్. నాకెప్పుడూ తగల్లేదు."

"ఇందులో ఎవరికీ తగలకూడదు. అదే దీని గొప్పతనం. చీటీకి నీమీద ప్రేమా ఉండదు, కోపమూ ఉండదు. అందుకే అందులోంచి వచ్చే కొద్దిపాటి కాగితాలు మొత్తం కట్టలన్నిటి తరఫునా మాట్లాడతాయి."

చీటీలకు వచ్చిన కాగితాలు తీసి, శుక్రవారం ఆమె అలవాటుగా దాచుకున్న ఫైలుతో పోల్చారు. టకటక తప్పులు చేయకపోలేదు. ఒకచోట వంటకు అరగంట తక్కువ పడింది, ఇంకోచోట నిద్రకు అరగంట ఎక్కువ పడింది. ఇంకోచోట ఒక ముసలాయనను స్కూలుకు పంపేసింది. కానీ ఆ తప్పులు కొన్ని అటు పోయాయి, కొన్ని ఇటు పోయాయి, ఒకదాన్నొకటి కొట్టేసుకుని సగటును కదపలేకపోయాయి.

ఇప్పుడు సోమవారం ఫైలు తెరిచింది. మార్పులన్నీ ఒకే దిక్కుకు పోయాయి. ఒక్కటి కూడా దారి తప్పలేదు. ఏ ఆడమనిషికీ పని పెరగలేదు, తీరిక తగ్గలేదు. పొరపాటు చేసే చెయ్యి నాలుగు వైపులా పొరపడుతుంది. ఎప్పుడూ ఒకే వైపుకు పోయేది పొరపాటు కాదు. దాని వెనక ఒక మనిషి ఉన్నాడు, ఆ మనిషికో అభిప్రాయం ఉంది.

ఆ అభిప్రాయం ఏమిటో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆ సర్వేలో ప్రతి అరగంటకీ రెండు గడులు ఉంటాయి. మొదటి గడి: 'ఏం చేస్తున్నారు?' రెండోది ఆమె పట్టుబట్టి పెట్టించిన గడి: 'అప్పుడు చేతులు ఏం చేస్తున్నాయి?' సర్వే మొదలుపెట్టక ముందు, ఎలా అడగాలో చూద్దామని తనే ఒక వీధిలో తిరిగింది. ఒక గుమ్మంలో ఒకావిడ, "నేనేం చేస్తానమ్మా, ఊరికే కూర్చున్నా," అంది. అంటున్నంతసేపూ భుజం మీది బిడ్డను నిద్రపుచ్చుతోంది, కాలితో ఊయలలోని రెండోవాణ్ణి ఊపుతోంది, చేత్తో చిరిగిన లంగాకు కుట్టు వేస్తోంది. పక్కింటావిడా 'ఊరికే' అంది, ఆ పక్కావిడా 'ఊరికే' అంది. ఆ నగరంలో ఆడవాళ్లంతా ఊరికే కూర్చుని ఉన్నారు, ఇళ్లన్నీ మాత్రం వాటంతటవే నడుస్తున్నాయి! అందుకే ఆ రెండో గడి పెట్టింది. అప్పుడు భర్త నవ్వాడు. "చేతులేమిటి? ఇదేం ప్రశ్న? ఏ పుస్తకంలో ఉంది?" అన్నాడు. డైరెక్టర్ కూడా నవ్వాడు, క్లుప్తంగా.

సోమవారం ఫైలులో, మొదటి గడిలో కూర్చున్నా అనో పడుకున్నా అనో టీవీ అనో ఉన్న ప్రతిచోటా, పక్కనున్న చేతుల గడిలో ఒకే మాట పడి ఉంది: 'ఏమీ లేదు'. టీవీ ముందు కూర్చుని బట్టలు మడతపెట్టిన ఆవిడకు 'ఏమీ లేదు'. పడుకుని బిడ్డకు పాలిచ్చిన ఆవిడకు 'ఏమీ లేదు'. మంచం పట్టిన మామగారి పక్కన కూర్చుని గంటగంటకూ ఆయన్ను అటూ ఇటూ తిప్పిన ఆవిడకు కూడా 'ఏమీ లేదు'. వందల మంది ఆడవాళ్ల చేతుల్ని మణికట్ల దగ్గర నరికేసినట్టుంది ఆ తెర.

మగవాళ్ల వరుసలు చూసింది. 'ఆఫీసులో కూర్చున్నా.' చేతులు: 'టైపు.' అలాగే ఉంది. 'బండిలో కూర్చున్నా.' చేతులు: 'స్టీరింగు.' అలాగే ఉంది. వాళ్ల చేతులు వాళ్లకున్నాయి.

"ఇది నేను చేయలేదు మేడమ్," అంది టకటక. "మా వాడికి పడుకునే పాలిచ్చేదాన్ని. నేనెందుకు ఇలా రాస్తాను?"

"తెలుసు."

ఫైలు తాళం, అంటే దాన్ని తెరిచే పాస్‌వర్డ్, ముగ్గురి దగ్గరే ఉంది. టకటక. తను. మూడో మనిషి ఆమె ఆలోచన గుమ్మందాకా వచ్చి, చెప్పులు విడవకుండానే వెనక్కి తిరిగిపోయాడు. ఆఫీసులో ఎవరినైనా అనుమానించడానికి ఒక పూట చాలు. ఇంట్లో మనిషిని అనుమానించడానికి ఇంకాస్త కావాలి.

ఆ కాస్తా ఆ సాయంత్రమే దొరికింది.

హాల్లో టీవీలో ఎవరో ఎవరినో తిడుతున్నారు. ఆమె దానికి ఎదురుగా కింద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఒక చెవి కుక్కరు మీద, ఇంకో చెవి కూతురి మీద. పాప ఎక్కాలు అప్పజెబుతోంది, ఏడో ఎక్కం దగ్గర జారిపోతోంది, ప్రతిసారీ "మళ్లీ" అంటోంది ఆమె. అత్తగారు సోఫాలో ఉన్నారు. ఆవిడ మందుబిళ్లకు వేళయిందో లేదో అని ఈమె మధ్యమధ్యలో గోడగడియారం చూస్తోంది. రెండు కళ్లు, రెండు చెవులు, రెండు చేతులు, ఏ ఒక్కటీ ఖాళీ లేదు.

భర్త వచ్చాడు. బూట్లు విప్పుతూ ఆమె వంక చూశాడు, నవ్వాడు.

"హాయిగా టీవీ చూస్తున్నావా? బాగుంది నీ పని. ఎలాగూ ఖాళీగానే ఉన్నావుగా, ఆ నీలం చొక్కా ఇస్త్రీ చేసిపెట్టు. బుధవారం మీటింగుకి."

ఆమె వేళ్ల మధ్య బఠాణీ కాయ చిట్లింది. గింజలు నేల మీద దొర్లిపోయాయి.

మొదటి గడి: టీవీ ముందు కూర్చుంది. రెండో గడి: ఏమీ లేదు.

అదే. అక్షరం పొల్లుపోకుండా అదే. పొద్దుటినుంచి తను తెరమీద చూస్తున్న సూత్రం కంప్యూటర్లో పుట్టింది కాదు. పదమూడేళ్లుగా ఈ హాల్లో, ఈ గుమ్మం దగ్గర, బూట్లు విప్పుకుంటూ నిలబడి చూస్తున్న రెండు కళ్లలో పుట్టింది.

"కూర్చోనీరా కాసేపు," అన్నారు అత్తగారు కొడుకుతో. "పొద్దస్తమానం ఆఫీసులో కూర్చుని కూర్చుని వచ్చిందాయె."

ఆమెకు వెర్రి నవ్వు వచ్చింది. ఆపుకుని అడిగింది. "అత్తయ్యా, ఈ గంటసేపూ మీరేం చేశారు?"

"నేనా? నేనేం చేస్తానే! ఊరికే కూర్చున్నా," అన్నారావిడ. ఆవిడ ఒళ్లో సగం మడతపెట్టిన తువ్వాలు ఉంది. పక్కన సోఫా చేయి ఎత్తుకు సమంగా, ఇంటిల్లిపాదీ బట్టలు అంచుకు అంచు కలిసి పేర్చి ఉన్నాయి.

ఆమె ఆ బట్టల దొంతర వంక చాలాసేపు చూసింది. శనివారం మధ్యాహ్నం గుర్తొచ్చింది. భర్త భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాడు. పాప పాట పెట్టుకుంటే, "ష్, నాన్న పనిచేసుకుంటున్నారు," అని తనే నోరు మూయించింది. రెండుసార్లు టీ తీసుకెళ్లి పక్కన పెట్టింది. రెండోసారి వెళ్లినప్పుడు అతను తెరను కొంచెం కిందికి వంచాడు. వేడి తగులుతుందేమో అనుకుంది.

మంగళవారం ఆమె ఆఫీసుకు ముందుగా వెళ్లింది. ఇంకా ఒక చిన్న ఆశ మిగిలి ఉంది. అభిప్రాయం ఒకటే అయినంత మాత్రాన మనిషి అతనే అని ఏముంది? ఆ అభిప్రాయం ఉన్నవాళ్లు నగరమంతా ఉన్నారు. డైరెక్టర్‌కు తాళం ఎవరైనా ఇచ్చి ఉండొచ్చు. ఫైలును మొదటినుంచి, ఒక్కో వరుసా చదవడం మొదలుపెట్టింది. మొదట్లోనే ఆగిపోయింది.

మొదటి వరుస లేదు.

మిగతా ఆడవాళ్ల రోజుల్ని ఎవరో దిద్దారు. ఆ ఒక్క రోజును మాత్రం దిద్దలేదు, పూర్తిగా పీకేశారు. ఆ వరుస ఎవరిదో ఆమెకు బాగా తెలుసు. సర్వే చేసేవాళ్లను ఇళ్లకు పంపే ముందు, ఇతరుల్ని అడిగేది మనం చెప్పగలమో లేదో చూసుకోవాలని, ఆమె తన రోజునే రాసుకుంది. పేరు లేదు, ఊరు లేదు, ఎవరికీ చెప్పలేదు. అత్తగారి బిళ్లలు, పాప ఎక్కాలు, నీలం చొక్కా ఇస్త్రీ, ఎవరిదో వ్యాసంలో పట్టికలు సరిచూడటం. ఈ ప్రపంచంలో ఆ వరుస చదివి 'ఇది ఫలానా ఇల్లు' అని గుర్తుపట్టగలిగినవాడు ఒక్కడే. ఆ ఇంట్లో తినేవాడు.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఏడుపు వస్తుందేమో అని చూసింది. రాలేదు. కోపం వచ్చింది, అది కూడా కేకలు వేసే కోపం కాదు. లెక్క తేలిన తర్వాత కింద గీత గీసేటప్పుడు చెయ్యి ఎంత స్థిరంగా ఉంటుందో అంత స్థిరంగా ఉన్న కోపం. తనను తీసేశాడు. సరే, అది ఇంటి సంగతి. టకటక మెడమీదికి తోశాడు. పిల్లల గదుల ముందు ఆ తల్లుల్ని నిలబెట్టి తలుపులు వేయబోతున్నాడు. అది ఇంటి సంగతి కాదు.

డైరెక్టర్‌కు చెబితే 'మొగుడూ పెళ్లాల గొడవ ఆఫీసుకు తేకండి' అంటాడు. ఆమె చెప్పిన మాటకు సాక్ష్యం కావాలి, అతను చెప్పే మాట దానికదే సాక్ష్యం. ఎన్నేళ్లుగా చూడటం లేదూ! అందుకని ఆమె ఎవరికీ చెప్పలేదు. కూర్చుని ఒక పట్టిక వేసింది. ఒకే ఒక పట్టిక.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక ఇంకో పని కూడా చేసింది. నీలం చొక్కా కుర్చీ మీద ఎలా పడి ఉందో అలాగే వదిలేసింది.

బుధవారం మీటింగుకు భర్త ఆ చొక్కాతోనే వచ్చాడు. వీపు మీద ముడతలు దూరానికే కనబడుతున్నాయి. పొద్దున ఇంట్లో అతను కుర్చీ దగ్గర ఆగాడు. చొక్కాను చూశాడు, ఆమెను చూశాడు, ఏదో అర్థమై కానట్టు తొడుక్కున్నాడు.

నగర కార్యాలయం అధికారి పొట్టిగా, చురుగ్గా ఉన్నాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు, ఎక్కువసేపు ఉండననే గుర్తుగా. గోడవారగా టకటక నిలబడి ఉంది. రమ్మన్నారు గానీ కూర్చోమనలేదు.

"క్లుప్తంగా," అన్నాడు డైరెక్టర్.

"సరేనండీ," అంది ఆమె. "మా దగ్గర రెండు అంకెలున్నాయి. శుక్రవారం గంటన్నర. సోమవారం మూడున్నర. సోమవారం అంకె ఎలా వచ్చిందంటే, కూర్చున్నవాళ్లు, పడుకున్నవాళ్లు, టీవీ ముందున్నవాళ్లు ఏ పనీ చేయనట్టే లెక్క అన్నారు. చేతుల్లో ఏమున్నా సరే. ఈ సూత్రం ఆడవాళ్లకు మాత్రమే పెట్టారు. అది అన్యాయం కదా అని నేను మగవాళ్లకు కూడా పెట్టి చూశాను."

ప్రొజెక్టర్ వెలుగులో పట్టిక గోడమీద పడింది.

"మన నగరంలో మగవాళ్లు రోజుకు గంటా పది నిమిషాలు పనిచేస్తున్నారండీ. మెట్లెక్కేవాళ్లు, మూటలు మోసేవాళ్లు లేకపోతే అదీ ఉండేది కాదు. ఆఫీసుల్లో ఉన్నవాళ్లంతా పొద్దుటినుంచి సాయంత్రందాకా విశ్రాంతి తీసుకుంటున్నారు. బస్సు డ్రైవర్లు కూర్చుని షికార్లు తిరుగుతున్నారు. మీరూ, డైరెక్టర్‌గారూ ఇప్పుడు ఈ గదిలో తీరిగ్గా ఉన్నారు."

అధికారి ముందు కళ్లు పెద్దవి చేశాడు, తర్వాత పకపకా నవ్వాడు. "అమ్మా, ఈ లెక్కన మా ఆఫీసు రేపే మూసెయ్యాలి!"

"అవునండీ. పిల్లల గదుల కంటే ముందు."

నవ్వు ఆగింది. అధికారి పట్టికను ఇంకోసారి చదివాడు. "నాకు అర్థమైంది. కానీ నా ఇబ్బంది కూడా వినండి. మీ ఫైలు ఎవరో మార్చారు. ఎవరో, ఎందుకో తేలకపోతే మావాళ్లు రెండు అంకెల్నీ నమ్మరు. అనుమానం ఉన్న రిపోర్టు చెత్తబుట్టలోకి పోతుంది, గదులు మూసేస్తారు. నాకు మనిషి కావాలి."

డైరెక్టర్ గోడ వైపు తిరిగాడు. "ఏమ్మా, చివర ముట్టుకుంది నువ్వే కదా?"

టకటక గోడవారనుంచి ఒక అడుగు ముందుకు వేసింది.

"ఆ అమ్మాయి కూర్చుంటుంది ముందు," అంది సర్వే మేడమ్. తన పక్క కుర్చీ లాగి, టకటక కూర్చునేదాకా ఆగింది. "ఆ అమ్మాయి తప్పులు నా దగ్గరున్నాయి. నాలుగు వైపులా ఉన్నాయి. ఇది ఒకే వైపు మార్చిన చెయ్యి. మార్చినవాళ్లు మొదటి వరుసను మాత్రం దిద్దలేదు, పీకేశారు. అది ఎవరి రోజో తెలిసి పీకేశారు. ఆ వరుస ఎవరిదో ఈ గదిలో ఇద్దరికే తెలుసు. ఒకరు నేను."

ఆమె భర్త వైపు తిరిగింది. పెన్ను మూత అతని చేతిలోంచి జారి బల్ల మీద దొర్లింది. ఆపడానికి అతను చెయ్యి చాపలేదు. ఇంకొక్క మాట తనే అనేస్తే అయిపోతుంది. కానీ ఆ మాట తన నోట వస్తే భార్య మాట అవుతుంది. అతని నోట వస్తేనే నిజం అవుతుంది. పదమూడేళ్ల తర్వాత క్యాంటీన్ బల్ల దగ్గర పిలిచినట్టు పిలిచింది.

"నువ్వు చెప్పు."

డైరెక్టర్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. క్లుప్తంగా అనడం మర్చిపోయాడు. భర్త లేచి నిలబడబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"నేనే సార్. శనివారం మధ్యాహ్నం, ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర కూర్చుని మార్చాను. ఆ అమ్మాయికి ఏ పాపమూ తెలియదు. నాకెవరూ డబ్బివ్వలేదు, ఎవరూ చెప్పలేదు. గంటన్నర అంటే మనల్ని చూసి నవ్వుతారనుకున్నాను. ఆడవాళ్లు ఉన్నదానికి నాలుగు కలిపి చెప్పి ఉంటారనుకున్నాను. ఒకసారి చూద్దామని ఫైలు తెరిస్తే మొదటి వరుసలోనే మా అమ్మ మందులున్నాయి, మా పాప ఎక్కాలున్నాయి, నా చొక్కా ఉంది. పొద్దున లేచిన దగ్గర్నుంచి దీపం ఆర్పేదాకా తీరిక అని ఒక్క గడి లేదు. అబద్ధం అనుకున్నాను సార్. నేను ఆ ఇంట్లోనే ఉంటాను కదా, నాకు తెలియదా అనుకున్నాను. మా ఇంటిదే అబద్ధమైతే మిగతా అందరిదీ అబద్ధమే అని మొదట అది తీసేశాను. తర్వాత మిగతావాళ్లవి సులువైపోయాయి. దిద్దుతూ ఉండగా ఈవిడే రెండుసార్లు టీ తెచ్చి పక్కన పెట్టింది. తాగుతూ దిద్దాను. ఈవిడ కూర్చుని ఉండగా రోజూ చూశాను సార్, ఒట్టు, రోజూ చూశాను. చేతుల వంక మాత్రం ఒక్కనాడూ చూడలేదు."